లంచ్‌బాక్సుకు ఏ చిరుతిండి బేక్ చేయాలి? ఆరు రకాల పోలిక

ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన ఏ చిరుతిండైనా బాగానే ఉంటుంది. అంచులు కరకరలాడుతుంటాయి, కరిగిన చీజ్ వాసన ఇల్లంతా వ్యాపిస్తుంది, వద్దన్నా చేయి ట్రే మీదికే పోతుంది. అయితే పిల్లలు దాన్ని ఆ సమయంలో తినరు. మూత బిగించిన డబ్బాలో నాలుగైదు గంటలు మగ్గి, పుస్తకాల సంచిలో అటూ ఇటూ కుదుపులు తిని, పూర్తిగా చల్లారిపోయిన తర్వాత, పక్కవాళ్లతో కబుర్లు చెబుతూ పది పదిహేను నిమిషాల్లో తింటారు. అందుకే లంచ్‌బాక్సు కోసం ఉప్పుకారాల చిరుతిండిని ఎంచుకునేటప్పుడు ఓవెన్‌లోంచి తీసిన వేళను కాదు, బడిలో మూత తీసే వేళను దృష్టిలో పెట్టుకోవాలి. ఇక్కడ పోల్చిన ఆరు రకాలూ ఇంట్లో తేలికగా చేసుకోగలిగినవే: మఫిన్లు, క్రాకర్లు (కరకరలాడే పలచటి ఉప్పు బిస్కెట్లు), పఫ్ పేస్ట్రీ (పొరలు పొరలుగా విచ్చుకునే పిండి) చుట్లు, కూరిన బన్నులు, గుడ్డు కప్పులు, స్కోన్లు (ఈస్టు లేకుండా చేసే మందపాటి చిన్న రొట్టెలు). రుచిలో వీటిలో ఏదీ తీసిపోదు. తేడా అంతా ఆ నాలుగైదు గంటలను ఏది ఎలా తట్టుకుంటుందన్న దగ్గరే వస్తుంది.

## ముందుగా చూసుకోవలసిన విషయాలు

మొదటిది తడి. మూసిన డబ్బాలో తేమ ఒకచోట నిలవదు. తడి ఎక్కువగా ఉన్న భాగం నుంచి పొడిగా ఉన్న భాగానికి నెమ్మదిగా చేరుతూనే ఉంటుంది. లోపల పెట్టిన కూర తడి పైపొరకు చేరుతుంది, పక్క అరలోని పండు ముక్కల తడి క్రాకర్లకు చేరుతుంది. కరకరలాడితేనే బాగుండే పదార్థానికి ఇది శత్రువు. మెత్తగా ఉంటేనే బాగుండే పదార్థానికి మాత్రం ఇదే మేలు చేస్తుంది. ఈ ఒక్క తేడా గమనిస్తే సగం ఎంపిక అయిపోయినట్లే.

రెండోది నిలవ ఉండే గుణం. వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచకూడదని, పాడయ్యే స్వభావమున్న వాటిని 5 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరగడమే దీనికి కారణం. నీటి శాతం బాగా తక్కువగా ఉండే క్రాకర్ల వంటి వాటికి ఈ భయం లేదు. గుడ్డు, మాంసం, ఉడికించిన కూరలు దండిగా ఉన్న వాటికి మాత్రం ఐస్ ప్యాక్ తప్పనిసరి. బయట ఎండ 32 డిగ్రీలు దాటిన రోజుల్లో ఆ రెండు గంటల గడువును ఒక గంటగానే లెక్కపెట్టుకోవడం మంచిది.

మూడోది మీ సమయం. ఇక్కడ మొత్తం ఎన్ని నిమిషాలు పడుతుందన్నదానికంటే, ఆ పని ఏ వేళలో పడుతుందన్నది ముఖ్యం. సెలవు రోజు మధ్యాహ్నం గంటన్నర కేటాయించడం కష్టం కాదు. బడి ఉన్న రోజు ఉదయం ఇరవై నిమిషాలు దొరకడమే గగనం. కాబట్టి ముందే చేసి ఫ్రీజర్‌లో దాచుకోగలిగే రకాలకు ఎక్కువ మార్కులు వేయాలి.

నాలుగోది తినే చేయి. చిన్న పిల్లలకు రెండు కాట్లలో అయిపోయేది, పొడి రాలనిది, జిడ్డు అంటనిది కావాలి. కాస్త పెద్దవారికి ఆకలి తీరడం ముఖ్యం. ఉప్పు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పెద్దవారికే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని, పిల్లలకు వారి శక్తి అవసరాలను బట్టి ఇంకా తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బేకింగ్‌లో ఉప్పు మూడు దారుల్లో వస్తుందన్నది చాలామంది మరిచిపోతారు: మనం వేసే ఉప్పు ఒకటి, చీజ్‌లో ఉండేది రెండోది, బేకింగ్ పౌడర్‌లోని సోడియం మూడోది. చీజ్ వేసిన పిండిలో ఉప్పును సగానికి తగ్గించినా రుచికి లోటు రాదు.

వేరుశనగ, జీడిపప్పు, నువ్వుల వంటి వాటి విషయంలో బడి నియమం ఏమిటో ఒకసారి కనుక్కోండి. మీ బిడ్డకు పడినా పక్కన కూర్చునే బిడ్డకు పడకపోవచ్చు. ఐదేళ్ల లోపు పిల్లలకు గొంతుకు అడ్డం పడే గట్టి పప్పులను, గుండ్రటి చిన్న టమాటాలను పూర్తిగా మానేయడమే మేలు.

## ఒక్క చూపులో

| రకం | ఐదు గంటల తర్వాత | చల్లదనం అవసరమా | ఫ్రీజర్‌లో | చేతి పని | ఆకలి తీరుతుందా |
|---|---|---|---|---|---|
| మఫిన్లు | మెత్తగా, దాదాపు అలాగే | ఎండల్లో, మాంసం వేస్తే అవసరం | బాగా నిలుస్తాయి | తక్కువ | తీరుతుంది |
| క్రాకర్లు | విడిగా పెడితే కరకరలాడతాయి | అక్కర్లేదు | పిండి ముద్ద నిలుస్తుంది | మధ్యస్థం | అంతంతమాత్రం |
| పఫ్ పేస్ట్రీ చుట్లు | పైపొర మెత్తబడుతుంది | పెట్టిన కూరను బట్టి | పచ్చివి నిలుస్తాయి | చాలా తక్కువ | కొంతవరకు |
| కూరిన బన్నులు | మెత్తగా, బాగుంటాయి | పెట్టిన కూరను బట్టి | బాగా నిలుస్తాయి | ఎక్కువ | బాగా తీరుతుంది |
| గుడ్డు కప్పులు | చల్లగా ఉంచితేనే తినదగినవి | తప్పనిసరి | రుచి తగ్గుతుంది | తక్కువ | బాగా తీరుతుంది |
| స్కోన్లు | కాస్త పొడిబారుతాయి | సాధారణంగా అక్కర్లేదు | బాగా నిలుస్తాయి | తక్కువ | తీరుతుంది |

## మఫిన్లు: అనుమానంగా ఉంటే ఇక్కడ మొదలుపెట్టండి

బేకింగ్ కొత్తగా మొదలుపెట్టేవారు అడిగితే నేను మొదట మఫిన్ల పేరే చెబుతాను. దీనికి అప్పడాల కర్ర అక్కర్లేదు, పిండి పిసకనక్కర్లేదు, పొంగేదాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు. రెండు గిన్నెలు, ఒక గరిటె, పన్నెండు గుంటల ట్రే ఉంటే చాలు.

ఒక గిన్నెలో 250 గ్రాముల మైదా, రెండున్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, అర టీస్పూను ఉప్పు, కాస్త మిరియాల పొడి కలపాలి. ఇంకో గిన్నెలో రెండు గుడ్లు, 240 మిల్లీలీటర్ల పాలు, 80 మిల్లీలీటర్ల నూనె గిలకొట్టాలి. రెండోదాన్ని మొదటిదానిలో పోసి, 100 గ్రాముల తురిమిన చీజ్, కప్పుడు కూరగాయల తురుము వేసి, పొడి పిండి కనబడనంతవరకే కలిపి ఆపేయాలి. 190 డిగ్రీల దగ్గర ముందే వేడిచేసిన ఓవెన్‌లో 20 నుంచి 22 నిమిషాలు ఉంచితే పన్నెండు మఫిన్లు వస్తాయి. మధ్యలో గుచ్చిన టూత్‌పిక్‌కు తడి పిండి అంటకుండా రావాలి. పొడవాటి చీజ్ తీగ అంటుకొస్తే కంగారు పడకండి, అది పచ్చి పిండి కాదు.

"కలిపి ఆపేయాలి" అన్న మాట చదవడానికి చిన్నదే కానీ మఫిన్ భవితవ్యం అంతా అందులోనే ఉంది. తడి తగిలిన మైదాను ఎక్కువసేపు తిప్పితే గ్లూటెన్, అంటే పిండికి సాగే గుణాన్నిచ్చే ప్రోటీన్, బిగుసుకుంటుంది. అలాంటి మఫిన్ వేడిగా ఉన్నప్పుడు బాగానే అనిపించి, చల్లారాక రబ్బరులా సాగుతుంది. అక్కడక్కడా ఉండలు కనిపించినా సరే గరిటె పక్కన పెట్టేయండి, ఓవెన్‌లో అవే సర్దుకుంటాయి.

రెండో జాగ్రత్త కూరగాయల నీరు. క్యారెట్ తురుమును అలాగే వేయవచ్చు. సొరకాయ, దోస జాతి కూరలు, పాలకూర వంటివి మాత్రం తురిమి లేదా సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు చల్లి పది నిమిషాలు ఉంచి, గుప్పిట్లో గట్టిగా పిండాలి. గుప్పెడు తురుము నుంచి పావు కప్పు నీరు కారడం చూస్తే, ఆ నీరంతా మఫిన్ అడుగున చేరి ఉంటే ఏమయ్యేదో అర్థమవుతుంది. పిండిన నీటితో పాటు కొంత ఉప్పూ పోతుంది కాని అంతా పోదు, కాబట్టి పిండిలో వేసే ఉప్పును ఆ మేరకు తగ్గించుకోండి.

మైదాలో సగం గోధుమ పిండి కలిపితే మఫిన్ కాస్త బరువుగా వస్తుంది, ఆకలి మాత్రం ఎక్కువసేపు ఆపుతుంది. గోధుమ పిండి తడిని ఎక్కువగా పీలుస్తుంది కాబట్టి రెండు మూడు చెంచాల పాలు అదనంగా పోయాలి. గుడ్డు వద్దనుకునేవారు అర కప్పు పెరుగు, అర టీస్పూను వంటసోడా వేసి, బేకింగ్ పౌడర్‌ను రెండు టీస్పూన్లకు, పాలను 200 మిల్లీలీటర్లకు తగ్గించవచ్చు. పెరుగులోని పులుపుతో సోడా కలిసి వాయువును పుట్టించి పిండిని లేపుతుంది. అందుకే ఈ పిండిని కలిపిన తర్వాత పక్కన పెట్టకుండా వెంటనే ఓవెన్‌లోకి పంపాలి.

లంచ్‌బాక్సు దృష్టితో చూస్తే మఫిన్‌కు ఉన్న అసలు బలం ఫ్రీజర్. పూర్తిగా చల్లార్చి, సంచిలో గాలి తీసి కట్టి ఉంచితే రెండు నెలల వరకు రుచి చెడదు. చిన్న గుంటల ట్రేలో చేసిన మఫిన్లను (వీటికి 12 నుంచి 14 నిమిషాలు చాలు) ఉదయం గడ్డకట్టినవే డబ్బాలో పెట్టేస్తే విరామం వేళకు మెత్తబడి ఉంటాయి, దారిలో తామే కాసేపు చల్లదనాన్నీ ఇస్తాయి. ఉదయం మీరు చేయాల్సిన పని ఫ్రీజర్ తలుపు తీయడం ఒక్కటే.

లోపం ఏమిటంటే, మఫిన్‌లో కరకర ఉండదు. మెత్తటివి తినని పిల్లలు కొందరుంటారు. వాళ్లకు ఎంత మంచి మఫిన్ పెట్టినా డబ్బా అలాగే తిరిగొస్తుంది.

## క్రాకర్లు: కరకర కావాలనే పిల్లలకు

ఎండినది పాడవదు అన్న పాత సూత్రమే క్రాకర్లకు బలం. నీరు దాదాపు లేకపోవడం వల్ల బూజు పట్టదు, ఐస్ ప్యాక్ అక్కర్లేదు, గాలి చొరబడని డబ్బాలో వారం రోజులు నిలుస్తాయి.

వీటిలో రెండు దారులున్నాయి. చీజ్, వెన్నతో చేసేది రుచిలో గొప్పది. 150 గ్రాముల మైదాలో 75 గ్రాముల చల్లటి వెన్నను వేళ్లతో నలిపి రవ్వలా చేసి, 100 గ్రాముల తురిమిన చీజ్, మిరియాల పొడి కలిపి, ఒకటి రెండు టేబుల్ స్పూన్ల చల్లటి నీటితో ముద్ద చేయాలి. దీనికి వేరే ఉప్పు అక్కర్లేదు. అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, 3 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, ముక్కలు కోసి, ఫోర్కుతో గుచ్చి, 180 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు బేక్ చేయాలి. రెండో దారి నూనెతో చేసేది: 150 గ్రాముల గోధుమ పిండి, మూడు టేబుల్ స్పూన్ల నూనె, అర టీస్పూను ఉప్పు, కాస్త వాము లేదా జీలకర్ర, ముద్దకు సరిపడా నీరు. ఇది మరింత పలచగా ఒత్తుకోవాలి. కొవ్వు తక్కువ, ఖర్చు తక్కువ, నిలవ ఎక్కువ. కాని మొదటిదానిలోని ఆ నోట్లో కరిగే గుణం దీనికి రాదు.

ఫోర్కుతో గుచ్చడం అలంకారం కోసం కాదు. ఆ రంధ్రాల ద్వారా ఆవిరి బయటికి పోతుంది కాబట్టి క్రాకరు పూరీలా పొంగదు. మందం ఎక్కడా తేడా రాకుండా ఒత్తడం అంతకంటే ముఖ్యం, ఎందుకంటే అంచులు మాడి మధ్యభాగం మెత్తగా మిగలడానికి ఓవెన్ కంటే మన చేతే ఎక్కువసార్లు కారణం. పిండి ముద్దను రెండు కాగితాల మధ్య పెట్టి ఒత్తితే పిండి చల్లే పని ఉండదు, మందమూ సమంగా వస్తుంది. చల్లారిన తర్వాత ఒక క్రాకరును విరిచి చూడండి. టక్కుమని విరగకుండా వంగితే, ట్రేను తిరిగి 150 డిగ్రీల దగ్గర మరో ఐదు నిమిషాలు పెడితే సరిపోతుంది.

ఒత్తే పని విసుగనిపించేవారికి ఒక సులువు ఉంది. చీజ్ ముద్దను గుండ్రటి కడ్డీలా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. కావలసిన రోజు పదినిమిషాలు బయట ఉంచి, కత్తితో పలచటి బిళ్లలుగా కోసి బేక్ చేస్తే అప్పడాల కర్రే అక్కర్లేదు.

క్రాకర్లతో వచ్చే చిక్కు ఆకలి. ఐదారు తిన్నా కడుపు నిండినట్లు అనిపించదు, కాబట్టి అవి ఒక్కటే భోజనం కాలేవు. పక్కన ఇంకేదైనా ఉండాలి. ఆ పక్కన పెట్టేది తడిగా ఉంటే వేరే డబ్బాలోనే పెట్టాలి. కోసిన పండు ముక్కల పక్కన, మూత లేని అరలో పెట్టిన క్రాకర్లు మధ్యాహ్నానికి అట్టముక్కల్లా తయారవుతాయి.

## పఫ్ పేస్ట్రీ చుట్లు: చూపుకు ముందు, డబ్బాలో వెనక

పని విషయంలో దీనికి సాటి లేదు. ఫ్రీజర్‌లో దొరికే షీటును కరగనిచ్చి, చిక్కటి టమాటా పేస్టు పలచగా రాసి, చీజ్ చల్లి, చాపలా చుట్టి, ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన కోసి, 200 డిగ్రీల దగ్గర 18 నుంచి 20 నిమిషాలు ఉంచితే చాలు. పిల్లలు కూడా చుట్టగలరు.

నేను కూడా మొదట్లో ఈ సులువుకే పడిపోయాను. ఒక ఉదయం పెందలాడే లేచి చుట్లు బేక్ చేసి, బండి వచ్చే వేళయిందని ఇంకా వేడిగా ఉండగానే డబ్బాలో సర్ది మూత బిగించాను. సాయంత్రం డబ్బా తెరిస్తే మూత లోపలివైపు నీటి చుక్కలు వరుసగా పేరుకుని ఉన్నాయి, కింద చుట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి, పైపొర తడి కాగితంలా చేతికి ఊడి వచ్చింది. "అమ్మా, పొద్దున ఇంట్లో తిన్నది వేరే, ఇది వేరే కదా?" అని మా అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు.

పొరల మధ్య ఉన్న కొవ్వు కరిగి, పిండిలోని నీరు ఆవిరిగా మారి పైకి నెట్టడం వల్లనే పఫ్ పేస్ట్రీ పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. ఆ పొరలు నిలబడాలంటే లోపలి ఆవిరి పూర్తిగా బయటికి పోవాలి. ఇప్పుడు ఉదయపు లెక్క వేయండి: ఓవెన్ వేడెక్కడానికి 15 నిమిషాలు, బేకింగ్‌కు 20, జాలీ మీద చల్లారడానికి కనీసం 40. గంటా పావు. ముందురోజు రాత్రి చేసి పూర్తిగా చల్లార్చి పెట్టవచ్చు, కాని తెల్లారేసరికి లోపలి తడి పైపొరకు పాకి ఉంటుంది. దాన్ని ఉదయం 180 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు తిరిగి వేడిచేస్తే కరకర వస్తుంది, మళ్లీ చల్లార్చే పనీ వస్తుంది.

అందుకని పఫ్ పేస్ట్రీని రోజువారీ డబ్బాకు కాక, బడి నుంచి వచ్చాక పెట్టే చిరుతిండికి ఉంచుకోమంటాను. కోసిన పచ్చి చుట్లను ఫ్రీజర్‌లో దాచి, కరగనివ్వకుండానే నేరుగా బేక్ చేయవచ్చు. రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. డబ్బాలోనే పెట్టాలనుకుంటే మాత్రం కూర బదులు చీజ్, ఎండు మసాలాల వంటి పొడి పూతతో సన్నటి పుల్లలుగా మెలిపెట్టి చేయండి. లోపల తడి ఉండదు కాబట్టి మెత్తబడేదీ తక్కువే. పొడి రాలుతుందన్న ఫిర్యాదు ఎటూ తప్పదు.

## కూరిన బన్నులు: ఓపిక ఉన్నవారికి మంచి ఫలితం

మూత బిగించిన డబ్బాలోని తేమ పఫ్ పేస్ట్రీని చెడగొడితే, బన్నును కాపాడుతుంది. మెత్తదనమే దాని గుణం కాబట్టి డబ్బాలో పెట్టిన బన్ను బయట ఉంచిన బన్ను కంటే బాగుంటుంది. పైగా కూర లోపల మూసి ఉంటుంది, చేతికి ఏదీ అంటదు, ఒక బన్నుతో ఆకలి తీరుతుంది. నాలుగైదు గంటల పరీక్షలో దీన్ని మించింది లేదనే నా అభిప్రాయం.

300 గ్రాముల మైదా, ఒక టీస్పూను ఇన్‌స్టంట్ ఈస్టు, ముప్పావు టీస్పూను ఉప్పు, రెండు టేబుల్ స్పూన్ల నూనె, సుమారు 190 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీరు లేదా పాలు కలిపి, పదినిమిషాలు బాగా పిసికి, రెట్టింపయ్యేదాకా గంటసేపు మూతపెట్టి ఉంచాలి. పది ఉండలు చేసి, కూర పెట్టి, అంచులు గట్టిగా మూసి, మరో అరగంట పొంగనిచ్చి, 200 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు బేక్ చేయాలి. నీరు వేలికి చురుక్కుమంటే ఈస్టు చచ్చిపోతుంది. తీసిన వెంటనే పైన పొడి గుడ్డ కప్పితే పైపొర మెత్తగా ఉంటుంది. సెలవు రోజు ఇంట్లో ఉండలేనివారు పిసికిన ముద్దను రాత్రి ఫ్రిజ్‌లో పెడితే అక్కడే నెమ్మదిగా పొంగుతుంది, తెల్లారి ఉండలు చేసుకోవచ్చు.

లోపల పెట్టే కూర పొడిగా ఉండాలి, చల్లారి ఉండాలి. బాణలిలో గరిటెతో పక్కకు జరిపితే అడుగున నీరు ఊరకూడదు. ఊరితే ఇంకాసేపు వేయించండి. మాంసం, గుడ్డు, ఉడికించిన కూర పెట్టిన బన్నుకు ఐస్ ప్యాక్ తోడుగా ఉండాల్సిందే. అది కుదరని ఇంట్లో గట్టి చీజ్, ఎండు మసాలాల పూతతో చుట్టిన బన్నులు చేయడం మంచిది.

చేసిన బన్నులను ఫ్రిజ్‌లో మాత్రం నిలవ చేయకండి. ఫ్రిజ్ చల్లదనంలో పిండి పదార్థం గట్టిపడి, రొట్టె బయట ఉన్నప్పటికంటే త్వరగా పాతబడుతుంది. ఆ రోజుకు, మర్నాటికి కావలసినవి బయట డబ్బాలో ఉంచి మిగిలినవి ఫ్రీజర్‌లో పెట్టాలి. కూర పెట్టినవైతే ఆ రోజువి తప్ప అన్నీ ఫ్రీజర్‌లోకే వెళ్లాలి.

## గుడ్డు కప్పులు, స్కోన్లు

గుడ్డు కప్పులు చేయడం ఎంత తేలికో నిలవ చేయడం అంత కష్టం. ఆరు గుడ్లు, 80 మిల్లీలీటర్ల పాలు, వేయించిన కూరగాయ ముక్కలు కలిపి మఫిన్ ట్రేలో పోసి 180 డిగ్రీల దగ్గర 18 నుంచి 20 నిమిషాలు ఉంచితే, ఒక్కో గుడ్డుకు సుమారు 6 గ్రాముల ప్రోటీన్ లెక్కన పిండి లేని గట్టి ఆహారం తయారవుతుంది. మధ్యభాగం 71 డిగ్రీలకు చేరాలి, ఎక్కడా జారుడుగా ఉండకూడదు. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటాయి. వేడి నిలవని, చల్లదనం నిలవని మామూలు డబ్బాలో పెట్టి పంపడానికి మాత్రం ఇవి తగవు. ఐస్ ప్యాక్ పట్టే సంచి ఉంటే పెట్టండి, లేకపోతే ఉదయం ఇంట్లోనే తినిపించండి.

స్కోన్ల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. 250 గ్రాముల మైదా, మూడు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, 60 గ్రాముల చల్లటి వెన్న, 80 గ్రాముల చీజ్, 150 మిల్లీలీటర్ల పాలతో ముద్ద చేసి, మందంగా ఒత్తి, కోసి, 220 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే అరగంటలో పని అయిపోతుంది. గుడ్డు అవసరం లేకపోవడం దీని సుగుణం. అదే రోజు తింటే బాగుంటాయి. మర్నాటికి పొడిబారి, నీళ్లు తాగనిదే గొంతు దిగవు. అందుకే చల్లారగానే ఫ్రీజర్‌లో పెట్టి, ఏ రోజువి ఆ రోజు తీసుకోవాలి. మఫిన్లు ఉండగా వీటినే ఎంచుకోవడానికి నాకు బలమైన కారణం కనబడదు, వెన్న రుచి మీద మక్కువ తప్ప.

## ఏ ఇంటికి ఏది

వారంలో ఒక్క పూట మాత్రమే వంటింట్లో తీరిక దొరికేవారు మఫిన్లు ఒక విడత, క్రాకర్లు ఒక విడత చేసుకుంటే ఐదు రోజులకూ సరిపోతుంది. మొదటి రెండు రోజులు మఫిన్లు, తర్వాతి రోజు క్రాకర్లు, మళ్లీ ఫ్రీజర్‌లోని మఫిన్లు అని మార్చి మార్చి పెడితే పిల్లలకు విసుగూ రాదు. కొత్తగా బడికి వెళ్లే చిన్నవారికి చిన్న మఫిన్లే సరి, ఎందుకంటే విరామంలో సగం సమయం మూత తీయడానికే పోతుంది. ఆటల సాధనకు ఆగి సాయంత్రం ఆలస్యంగా వచ్చే పెద్ద పిల్లలకు బన్నులే ఆసరా. అలాంటి రోజున డబ్బాలో రెండు పెట్టాల్సి వస్తుంది, రెండోది బడి విడిచాక తినే సరికి గంటలు గడిచిపోతాయి కాబట్టి దానిలో కూర వద్దు, చీజ్ పూతే పెట్టండి.

ఎండలు మండే చోట, ఐస్ ప్యాక్ సౌకర్యం లేనప్పుడు క్రాకర్లకే ఓటు. పూర్తిగా గుడ్డు తినని ఇంట్లో పెరుగు మఫిన్లు, క్రాకర్లు, బన్నులు మూడూ పనికొస్తాయి. ఓవెన్ లేక ఎయిర్ ఫ్రయర్ ఉన్నవారు ఇక్కడ చెప్పిన వేడిని 20 డిగ్రీలు తగ్గించి, సమయం ముగియడానికి నాలుగైదు నిమిషాల ముందే చూడాలి. అందులో క్రాకర్లు గాలికి ఎగిరిపోకుండా పైన జాలీ పెట్టాలి, మఫిన్లను సిలికాన్ కప్పుల్లో పోయాలి. ఫ్యాను ఉన్న ఓవెన్‌కు కూడా ఈ 20 డిగ్రీల తగ్గింపు వర్తిస్తుంది.

ఏది ఎంచుకున్నా, పిల్లలకు పంపే ముందు ఒక సెలవు రోజున చిన్న పరీక్ష చేయండి. ఉదయం బేక్ చేసి, జాలీ మీద గంటసేపు చల్లార్చి, బడికి పంపే అదే డబ్బాలో, పక్కన పెట్టబోయే పండ్లతో సహా సర్ది, మూత బిగించి, సంచిలో పెట్టి వదిలేయండి. మధ్యాహ్నం ఒంటిగంటకు మూత తీసి, వేడి చేయకుండా, నీళ్ల సీసా మాత్రమే పక్కన పెట్టుకుని మీరే తినండి. మూత లోపల చుక్కలు పట్టాయా, అడుగున కాగితం తడిసిందా, చేతికి జిడ్డు అంటిందా, రెండో ముక్క తీసుకోబుద్ధయిందా అన్నది చూసుకుంటే, సోమవారం డబ్బాలో ఏది పెట్టాలో తేలిపోతుంది.